ఆటోమేటిక్ అల్లుడు

పెళ్ళైన మగవాడి ఆదివారం ఎవరి పేరు మీద రిజిస్టరై ఉంటుందో మీకు తెలియనిది కాదు. నాది గుడియాత్తంలో, మా అత్తగారు పచ్చయమ్మ పేరు మీద ఉండేది. అనుభవించే హక్కు పూర్తిగా ఆమెది. బస్సెక్కి అక్కడిదాకా వెళ్ళే హక్కు మాత్రం నాది. ఆ ఆదివారాన్ని విడిపించుకుందామని నేను వేసిన ఎత్తు, దానికి పట్టిన గతి చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి. మా ఇంట్లోవాళ్ళు ఇంకా ఆపలేదు.

నేను ఇళ్ళకు ప్లాన్లు గీసే మనిషిని. వేలూరు సత్తువాచారిలో, కలెక్టరాఫీసుకు కూతవేటు దూరంలో మా ఇల్లు. ముందు గదే ఆఫీసు. ఉత్త దేవరాజులు అంటే ఎవరికీ తెలియదు, ప్లాన్ దేవరాజులు అంటే ఆటోవాడు కూడా తీసుకొచ్చి దించుతాడు. నా బావమరిది సురేంద్రన్ గుడియాత్తంలో సిమెంటు కొట్టు పెట్టుకుని, ఇళ్ళు కట్టే కాంట్రాక్టులు చేస్తాడు. నేను గీస్తాను, వాడు కడతాడు, గోడ పగిలితే ఒకరినొకరం చూపించుకుంటాం. మా రెండు వైపులా తరతరాలుగా తాపీ పట్టినవాళ్ళే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సైటులో రెండూ కలిపిన తిట్లు.

ప్రతి ఆదివారం, ఆ వారం గీసిన ప్లాన్లను గొట్టంలా చుట్టి చంకలో పెట్టుకుని, మా ఆవిడ ఇందుమతిని వెంటబెట్టుకుని, పళ్ళికొండ మీదుగా గుడియాత్తం పోయే బస్సెక్కాలి. ఆ గొట్టం ఎవరో ఒకరి కంట్లో పొడవకుండా మేము ఎన్నడూ బస్సు దిగలేదు.

ప్రయాణం ఎలాగో సహించవచ్చు. అసలు సంగతి దిగాకే. మా అత్త గుమ్మంలో నిలబడి "అల్లుడొచ్చినాడు" అంటుంది. పెద్ద గొంతుతో కూడా అనదు. అయినా వీధిలో ఇల్లు కట్టాలనుకునేవాళ్ళు, కట్టేసినవాళ్ళు, కట్టే ఉద్దేశమే లేనివాళ్ళు, అందరూ వచ్చి కూర్చుంటారు. ఒకరు క్యాలెండరు కాగితం వెనక గీసుకొస్తారు. ఇంకొకరు మా అత్త వాకిట్లో ముగ్గు చెరిపేసి పుల్లతో గీసి చూపిస్తారు. మరుగుదొడ్డి ఈశాన్యంలో వచ్చేసింది, ఏం చేయమంటారని ఒకాయన అడిగాడు. వాడకండి అన్నాను. మా అత్త నన్ను లోపలికి పిలిచి, అల్లుడి హోదాలో ఉన్నవాడు అలా మాట్లాడకూడదని చెప్పి, నా చేతే ఆయనకు కొత్త ప్లాన్ గీయించింది. అన్నం తినేసరికి సాయంత్రమైంది.

అలాంటి రోజుల్లో కంప్యూటరు వచ్చింది. మా ఒక్క ఇంటికే కాదు, దేశానికే అప్పుడు ఏదో ఒకటి వస్తూ ఉండేది. మా వీధిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే బాలా, మిషన్లన్నీ పాత ఇనుముకు వేసేసి, అదే గదిలో బ్రౌజింగ్ సెంటర్ తెరిచాడు. యాభై ఏళ్ళ మనిషి, పొట్ట మీద కీబోర్డు పెట్టుకుని టైపు కొడతాడు. వీధిలో అందరూ డౌన్‌లోడ్ బాలా అనేవాళ్ళు. ఆయన సలహా మీదే నేనూ ఒక కంప్యూటరు కొన్నాను. ఇందుమతి దానికి పసుపు కుంకుమ పెట్టి, పూసలల్లిన గుడ్డ కప్పి, ఆ గదిలోకి చెప్పులతో రావద్దని అందరికీ చెప్పింది. అంత మర్యాద ఆ ఇంట్లో నాకెన్నడూ దొరకలేదు.

ఒకరోజు డౌన్‌లోడ్ బాలా చెప్పిన మాట విని నాకు ఒళ్ళు పులకరించింది. మెయిల్ ప్రోగ్రాములో ఒక రూలు పెట్టుకోవచ్చట. వచ్చిన మెయిల్ పై వరసలో 'ప్లాన్' అనే మాట ఉంటే చాలు, మనం చెయ్యి పెట్టకుండానే కంప్యూటరు తనంతట తాను జవాబిచ్చి, ఆ వారం మనం రూలుకు జతచేసి ఉంచిన ప్లాన్ ఫైలును కూడా దాంతోపాటు పంపేస్తుందట. మనం నిద్రపోవచ్చు, సినిమాకు పోవచ్చు. అడిగినవాడికి అడిగింది వెళ్ళిపోతుంది.

సురేంద్రన్ సిమెంటు కొట్టులోనూ కంప్యూటరుంది. వాడొక మెయిల్ కొడితే ప్లాన్ గుడియాత్తం చేరిపోతుంది. మరి నేను చేరడం దేనికి? ఆ సాయంత్రమే రూలు పెట్టించి, ఇంటికొచ్చి ఇందుమతికి చెప్పాను. పెళ్ళికి ముందు బంధుత్వమేమీ లేకపోయినా, మా వైపు ఆడవాళ్ళు భర్తను మామా అనే పిలుస్తారు.

"అంటే మామా, ఇంక ఆదివారం గుడియాత్తం పొయ్యేది లేదంటావు" అంది.

"పనేముండాది? ప్లాన్ అదే పోతాది."

"ప్లాన్ పోతాది, సరి. నేనెట్లా పొయ్యేది? నన్ను గూడా దాంట్లో పెట్టి పంపిస్తావా?"

మెయిల్ పెట్టెలో మరీ పెద్దవి పట్టవు అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆ పూట నా ఇడ్లీకి చట్నీ రాలేదు. మరుసటి పూట ఇడ్లీ కూడా రాలేదు.

రెండు రోజులు పోట్లాడింది. అమ్మను చూడకుండా వారం ఎట్లా గడుస్తుందంది. కావాలంటే నువ్వు ఒక్కదానివే పో అన్నాను. ఆదివారం పూట మొగుడు లేకుండా పుట్టింటికి పోతే, వీధి వీధంతా కారణం అడుగుతుందంది. మూడో రోజు పొద్దున మాత్రం వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడి వచ్చి, "సరి మామా, నీ ఇష్టం" అంది. అక్కడే అనుమానం రావలసింది కదయ్యా అని మీరంటారు. రాలేదు. గెలిచాననే అనుకున్నాను.

కొన్ని ఆదివారాలు హాయిగా గడిచాయి. పొద్దెక్కేదాకా పడుకోవడం, లేచి కూర్చుని ఎందుకు లేచానా అని ఆలోచించి మళ్ళీ పడుకోవడం. ప్రతి వారం సురేంద్రన్ నుంచి మెయిల్ వచ్చేది, ప్లాన్ వెళ్ళిపోయేది. ఫోన్ చేసి వచ్చిందా అని అడిగితే, వచ్చింది బావా, బ్రహ్మాండంగా ఉండాది బావా అనేవాడు. బావమరిది నోట బ్రహ్మాండం అనే మాట నేను వినడం అదే మొదలు. అప్పుడు కూడా అనుమానం రాలేదు.

ఇంతలో భారతమ్మ ఇల్లు వచ్చింది.

భారతమ్మ మా అత్తకు చిన్నాన్న కూతురు. భర్త పోయాక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి, అద్దె గదుల్లోనే వయసంతా గడిపి, ఇప్పుడు సొంత ఇల్లు మొదలుపెడుతోంది. స్థలంలో ఒక పాత బావి ఉంది. ఆ వీధిలో తియ్యటి నీళ్ళున్నది అదొక్కటే. ఎండాకాలం వస్తే బిందెలన్నీ అక్కడికే. ఆ బావి కోసమే ఆమె ఆ స్థలం కొనుక్కుంది.

నేను ఆటోమేటిక్ మనిషిని కదా, స్థలం చూడటానికి పోలేదు. కొలతలు ఫోన్లో చెప్పించుకుని, చక్కగా ప్లాన్ గీసి, రూలుకు జతచేసేశాను. బావి ఒకటుందని సురేంద్రన్ చెప్పాడు. ఎక్కడుందో నేను అడగలేదు. ఓ మూల ఉంటుందిలే అనుకున్నాను.

ఆ బుధవారం భారతమ్మే వేలూరు ఆస్పత్రిలో కళ్ళు చూపించుకోవడానికి వచ్చి, పనిలో పనిగా మా ఇంటికీ వచ్చింది. బుధవారాలు నేను సంతకాల కోసం కలెక్టరాఫీసుకు పోతాను, ఆ రోజు మాత్రం ఆమెకు తోడుండాలని ఇందుమతి నన్ను పోనివ్వలేదు. ప్లాన్ కాగితం పరిచి ఒక్కొక్క గదీ చూపించాను. ఇది హాలు, ఇది పడకగది, ఇది వంటిల్లు.

"వంటిల్లు ఈడ వస్తాదా నాయనా?" అంది.

అవును, ఆగ్నేయం అన్నాను.

"ఈడ బావి వుండాది గదా."

ఇందుమతి నా వైపు చూసింది, ఆ చూపుకు మాటలు అక్కర్లేదు. భారతమ్మ కోపగించుకోలేదు. కాగితం మీద వంటింటి గీతను వేలితో రెండుసార్లు నిమిరింది.

"బావి పూడ్చేటట్టయితే నాకు ఇల్లొద్దు నాయనా. అద్దె గదిలోనే వుండిపోతా" అంది.

నాకు నిజంగా సిగ్గేసింది. ఆమె ముందే కూర్చుని ప్లాన్ తిప్పి గీశాను. వంటిల్లు ఇటు జరిగింది, పెరటి తలుపు తీస్తే ఎదురుగా బావి. ఆమె చూసి, తల మీద చెయ్యి పెట్టి దీవించి పోయింది. కొత్త ప్లాన్‌ను కంప్యూటర్లో పాతది ఉన్న చోటే పెట్టాను. ఇక రూలు దానంతటదే కొత్తది పంపుతుందని నా ధీమా.

శుక్రవారం పొద్దున రాహుకాలం రాకముందే సున్నంతో పునాది ముగ్గు పోయాలని ముహూర్తం. ముగ్గు పడగానే తవ్వకం మొదలు. మనమిద్దరం పోవాల్సిన పని లేదు, ప్లాన్ అదే పోతుందని ఇందుమతికి చెప్పాను. కాగితం మీద తీసిన ప్రింటు చేతికిచ్చి పంపితే మేలు కదా అంది. కాగితాల కాలం పోయింది, అది మునిసిపాలిటీ కోసం ఆ బల్ల మీద పడుండనీ అన్నాను. సరి అంది.

గురువారం సాయంత్రం సురేంద్రన్ ఫోన్ చేశాడు. వాళ్ళమ్మకు ఒక బాధ పట్టుకుందట. మా వాళ్ళలో ఒక పద్ధతుంది. ఒక ఇంటి నుంచి గిన్నెలో ఏదైనా వస్తే, ఆ గిన్నెను వట్టిగా తిప్పి పంపరు. ఏమీ లేకపోతే పిడికెడు చక్కెర వేసైనా పంపాలి. అల్లుడి ఇంటి నుంచి వారం వారం ప్లాన్ వస్తోంది, మనం వట్టి చేతులతో కూర్చున్నాం, చూసేవాళ్ళు ఏమనుకుంటారని మా అత్త దిగులు. ఎవరు చూస్తారని అడగకండి. నేను అడగలేదు.

అందుకని ఆమె ఒక పళ్ళెం నిండా ఒబ్బట్లు చేసి, స్టూడియోవాడి చేత ఫోటో తీయించి, కంప్యూటర్లోకి ఎక్కించిందట. బావ నుంచి మెయిల్ వచ్చినప్పుడల్లా ఆ పళ్ళెం తిరిగి పోవాలి, ఎట్లా చేసేదని సురేంద్రన్ అడిగాడు. నేను పొంగిపోయాను. నా దగ్గర నేర్చుకోవడానికి ఆ వంశంలో ఒకడు దొరికాడు. బావ దగ్గర్నుంచి ఏ మెయిల్ వచ్చినా ఒబ్బట్లు జతచేసి జవాబివ్వమని రూలు పెట్టించాను. కంప్యూటరు ఆపితే ఆటోమేటిక్ కాదు, ఆపొద్దని కూడా చెప్పాను. పొద్దున ముగ్గు పోసే వేళకు ప్లాన్ సిద్ధంగా ఉండాలని, ఇప్పుడే ఒక మెయిల్ కొట్టు అన్నాను. వాడు కొట్టాడు. నా కంప్యూటరు కూడా ఆపకుండానే వదిలి, తృప్తిగా నిద్రపోయాను.

శుక్రవారం లేచేసరికి ఎండ మంచం దాకా వచ్చింది. ఇందుమతి లేదు. గుడికి పోతానని రాత్రే చెప్పింది. ఇడ్లీలు మూత పెట్టి ఉన్నాయి, చట్నీ కూడా ఉంది. ముందు గదిలోకి పోయి కంప్యూటరు మీది గుడ్డ తీశాను.

తెర మీద ఒబ్బట్లు.

ఆ రోజుల్లో ఫోటో అంటే పైనుంచి కిందికి నిదానంగా దిగేది. ముందు పళ్ళెం అంచు, తర్వాత ఒక ఒబ్బట్టు, ఆ తర్వాత నెయ్యి. మా అత్త అభిమానానికి మురిసిపోయాను. అది పూర్తయిందో లేదో మళ్ళీ పళ్ళెం అంచు మొదలైంది. ఆమెకు నా మీద ఇంత ప్రేమ ఉందని తెలియదు. మళ్ళీ అంచు. కిందికి జరిపి చూశాను. ఒబ్బట్లు, ప్లాన్, ఒబ్బట్లు, ప్లాన్, ఎంత జరిపినా అవే. ఇంకా వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి.

చొక్కా తిరగేసి తొడుక్కుని బాలా ఇంటికి పరిగెత్తాను. ఆయన నోట్లో బ్రష్షుతోనే వచ్చి, నా కుర్చీలో కూర్చుని చూశాడు. చూసి, బయటికి పోయి నోరు కడుక్కుని వచ్చి మరీ నవ్వాడు. ఆయన విడమర్చి చెబితేగానీ నాకు ఎక్కలేదు. వాళ్ళ జవాబులో పై వరస మారదు, 'ప్లాన్' అనే మాట అక్కడే ఉంటుంది. అది చూసి నా కంప్యూటరు మళ్ళీ ప్లాన్ పంపుతుంది. బావ మెయిల్ వచ్చింది కదా అని వాళ్ళది మళ్ళీ ఒబ్బట్లు పంపుతుంది. గిన్నె వట్టిగా తిప్పి పంపని ఇళ్ళు రెండూ, రాత్రంతా ఒకదానికొకటి మర్యాద చేసుకుంటున్నాయి.

"మంచి సంబంధమప్పా" అన్నాడు బాలా.

ఫోన్ తీగ లాగేశాక గది ప్రశాంతమైంది. ఇంతకీ మీవాళ్ళకు అన్నిసార్లు ఏం పంపినావో చూద్దామని బాలా ఒక ఫైలు తెరిచాడు. పాత ప్లాన్. బావి నెత్తిన వంటిల్లు.

కొత్తది పెట్టాను కదా అని మొత్తుకున్నాను. అప్పుడు బాలా చెప్పాడు. రూలుకు ఒకసారి ఏ ఫైలు జతచేశామో, దాని నకలు ఆ జవాబులోనే ఉండిపోతుందట. ఆ ఇంటి కోసం జతచేసింది పాతది కాబట్టి, పాతదే పోతూ ఉంటుంది. "టిఫిన్ బాక్సు మూత పెట్టేసినాక, ఇంట్లో గిన్నెలో కూర మారిస్తే, బాక్సులో కూర మారతాదా దేవరాజులూ?" అన్నాడు.

తీగ మళ్ళీ తగిలించి కొత్త ప్లాన్ పంపాం. గుమ్మం దాకా పోయి తిరిగొచ్చింది. సురేంద్రన్ మెయిల్ పెట్టె నిండిపోయింది, చోటు లేదు. నిండింది దేనితో అంటే నా పాత ప్లాన్లతోనే. ఫోన్ చేశాను. ఎంగేజ్. ఇంటర్నెట్ నడుస్తుంటే ఫోన్ మోగని కాలం అది, వాడి కంప్యూటరు ఇంకా లైను పట్టుకునే ఉంది. ఆపొద్దని చెప్పిందీ నేనే. మళ్ళీ చేశాను. ఎంగేజ్. గోడ గడియారం చూసుకుని, ఇడ్లీలు అలాగే వదిలేసి బస్సుకు పరిగెత్తాను.

బస్సు పళ్ళికొండలో ఆగింది. డ్రైవరు టీకి దిగాడు. నేనూ వెనకాలే దిగి, అప్పా, ఒక బావి ప్రాణం పోతోంది, తొందరగా తాగమని బతిమాలాను. ఆయనకు ఏమర్థమైందో గానీ, టీ గ్లాసు పట్టుకునే వచ్చి సీట్లో కూర్చున్నాడు. అక్కణ్ణుంచి బస్సంతా నా సంగతే. మెయిల్ అంటే ఏంటో తెలియనివాళ్ళకు కూడా వంటిల్లు, బావి అర్థమయ్యాయి. నా పక్కన కూర్చున్న ముసలమ్మ ఓదార్చింది కూడా. "పూడ్చేసి వుంటారులే నాయనా. ఈ కాలంలో బావి ఎవురికి కావాలి" అంది. భారతమ్మ వేలు గీత మీద నిమరడం గుర్తొచ్చింది. నా ఆదివారం నిద్ర కోసం ఆమె బావి పోతోంది. ఇంక ఏం చెప్పుకుంటే తీరుతుంది?

గుడియాత్తంలో దిగి ఆ వీధి మలుపు దాకా పరిగెత్తాను. స్థలం ముందు లారీ నిలబడి ఉంది. బావి పక్కనే కొత్తగా దింపిన కుప్ప. కూలీలు గంపలు పట్టుకుని ఉన్నారు. మేస్త్రి చిన్నస్వామి గడపార పైకెత్తుతున్నాడు. చుట్టూ జనం.

ఇంకేమీ చూడలేదు. జనాన్ని తోసుకుంటూ పోయి, బావి గోడ మీదికెక్కి, రెండు చేతులూ చాపి నిలబడ్డాను.

"ఒక గంప మట్టి గూడా పడకూడదు. పూడ్చాలంటే నన్ను గూడా పూడ్చండి" అని అరిచాను.

టెంకాయ కొట్టబోతున్న పూజారి చెయ్యి గాల్లోనే ఆగింది. కొలత దారం రెండో కొసన, చీర కొంగు నడుముకు దోపుకుని, చంకలో నా ప్లాన్ గొట్టంతో నిలబడి ఉంది మా ఆవిడ.

"దిగు మామా. ఆ గోడ పాతది" అంది ఇందుమతి.

అప్పుడు కిందికి చూశాను. సున్నం గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. వంటిల్లు ఎక్కడుండాలో అక్కడే ఉంది. పెరటి తలుపు చోటు వదిలిన ఖాళీ, సరిగ్గా నా కాళ్ళ ఎదురుగా ఉంది. కుప్ప మట్టి కాదు, ఇసుక. ఎంత హాయిగా అనిపించిందంటే, దిగడం కూడా మరిచిపోయి ఆ గోడ మీదే కూలబడ్డాను. చిన్నస్వామి గడపార పక్కన పెట్టి, నన్ను చంకల కింద పట్టుకుని దింపాడు.

పూజ అయ్యాక ఒక్కొక్కటిగా బయటపడింది. సురేంద్రన్ తలొంచుకుని చెప్పాడు.

"నువ్వు పంపే ఫైలు మా కంప్యూటర్లో తెరుచుకోదు బావా. అన్నీ పిచ్చి అక్షరాలే వస్తాయి. మొదటి వారం నుంచే అంతే."

మరి బ్రహ్మాండం అన్నావే అన్నాను.

"అక్క అట్లా చెప్పమనింది. బావ మనసు కష్టపడతాదని."

అప్పుడు తెలిసింది. నేను బుధవారం బుధవారం కలెక్టరాఫీసు వరండాలో సంతకాల కోసం కాచుకుని ఉంటానా, ఇందుమతి పొద్దున బస్సుకు ప్లాన్ ప్రింట్లు పట్టుకుని గుడియాత్తం వచ్చి, వాటిని తమ్ముడి చేతిలో పెట్టి, అమ్మ దగ్గర భోంచేసి, సాయంత్రం నాకంటే ముందే ఇల్లు చేరుకునేది. ఆదివారమైతేనే మొగుడేడని అడుగుతారు, బుధవారం ఎవరూ అడగరట. ఆ ఉపాయం మూడో రోజు పొద్దున ఫోన్లో మా అత్త చెప్పిందే. కాగితం తీసుకుని ఇందుమతి వచ్చేదాకా ఎవరూ గడపార ఎత్తకూడదని సురేంద్రన్‌కు కట్టడి. ఈ పొద్దు గుడి అని చెప్పి వచ్చింది కూడా దానికే.

"గుడికే పోతానని చెప్పినావే" అన్నాను.

"పూజారి వచ్చినాడు గదా ఈడికి" అంది.

కోపం తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నించినా రాలేదు. భారతమ్మ బావిలోంచి చేద తోడి, ముగ్గు మూలల్లో నీళ్ళు చల్లి, మిగిలింది నా దోసిట్లో పోసింది. పొద్దుట్నుంచి ఏమీ తినని కడుపులోకి ఆ తియ్యటి నీళ్ళు దిగుతుంటే కళ్ళు చెమర్చాయి. ఏమి నాయనా అని ఆమె అడిగింది. ఏం లేదు, చల్లగా ఉన్నాయన్నాను. మా ఆవిడ అబద్ధం చెప్పి ఉండకపోతే ఈ పాటికి ఈ బావి ఏమయ్యేదో నాకే తెలుసు.

మధ్యాహ్నం మా అత్త ఇంట్లో భోజనం. అరుగు మీద కూర్చుని, వీధివాళ్ళు ఎప్పుడు చుట్టుముడతారా అని ఎదురుచూశాను. ఒకరిద్దరు క్యాలెండరు కాగితాలతో వచ్చారు. నన్ను చూసి నమస్కారం పెట్టి, నేరుగా వంటింట్లోకి పోయారు. లోపల ఇందుమతి గొంతు వినిపించింది. మెట్లు ఇటు తిప్పు చిన్నాయనా, అటకకు చోటొస్తాది అంటోంది. ఇన్నేళ్ళు నా పక్కన కూర్చుని నా ప్లాన్లన్నీ వింటూ, ఆ విద్య మొత్తం పట్టేసింది. పైగా నాలా 'వాడకండి' అని ఎవరినీ కసరదట. పోయేటప్పుడు ఒకాయన నాతో, "మీరు బుధవారం గూడా రాకపోయినా పరవాలేదు సార్" అని మర్యాదగా చెప్పిపోయాడు. పిలవని పెళ్ళికి వచ్చినవాడిలా ఆ అరుగు మీద ఒక్కణ్ణే కూర్చున్నాను. ఆదివారాలన్నీ పడుకుని నేనేం పోగొట్టుకున్నానో అప్పుడు తెలిసొచ్చింది.

సాయంత్రం తిరుగు బస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. గొట్టం ఆమె ఒళ్ళో ఉంది. చాలా దూరం వచ్చాక, ఎటో చూస్తున్నట్టు అడిగాను.

"ఈ ఆదివారం పోదామా?"

"నీకెందుకు మామా శ్రమ. పండుకో."

"శ్రమేముండాది. వస్తాలే."

ఇందుమతి కిటికీలోంచి పొలాలు చూస్తూ, "అమ్మను అడిగి చెప్తా" అంది.

శనివారం సాయంత్రానికి గుడియాత్తం నుంచి జవాబొచ్చింది. రమ్మన్నారు. వీధిలోవాళ్ళు ఎవరైనా ప్లాన్ గురించి అడిగితే మాత్రం నేను జవాబివ్వకూడదట, లోపలున్న ఇందుమతిని పిలవాలట. నేను సరేనన్నాను.